శుక్రవారం చెప్పిన మాటలు

"చెప్పలేదా? మా అత్త నోరు తెరిచి చెప్పలేదా? ఒక్కసారి గాదు, వారం వారం చెప్పింది."

"ఎవురికి చెప్పింది మే? కోతలో ఆమె పక్క సాలు నాదే. నా చెవిన ఒక్క మాట పడలా."

"పడింది. తలకాయ గూడా ఊపినావు. ఇప్పుడు మేస్త్రమ్మ తరపున మాట మార్చబాక చిన్నత్తా."

కల్లంలో మిరపకాయల గోతాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటికి ఇవతల కూర్చుని ఎలీషబ మంటపుట్టిన చేతులకు మజ్జిగ రాసుకుంటోంది. అవతల పోట్లాడుకుంటున్న ఇద్దరికీ ఆమె అక్కడున్న సంగతి తెలియదు. గొంతులు మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఒకటి ఏసురత్నానిది. కూలి ముఠాలో మేస్త్రి ఎలీషబ లేనప్పుడు అజమాయిషీ అంతా ఆమెదే. రెండోది అంజలిది, జీవరత్నం కోడలు.

సోమవారం నుంచి తాను ఇంకో మేస్త్రి నిత్యానందం ముఠా బండెక్కుతానని అంజలి అంటోంది. తనతోపాటు ఇంకొందరు వస్తారని కూడా అంది. కోత సగంలో ఉండగా ముఠా వదిలిపోవడం ఏం మర్యాద అని ఏసురత్నం నిలదీసింది.

"మా అత్త చెయ్యి విరిగిననాడు మీ మర్యాద యాడుండింది? ఏ చేన్లో కాయ కోస్తా ఉండింది?"

ఏసురత్నం ఏం జవాబిచ్చిందో ఎలీషబకు వినపడలేదు. గోతాల కోసం ట్రాక్టరు కల్లంలోకి వచ్చింది. ఆ మోతలో పోట్లాట కొట్టుకుపోయింది. ఎలీషబ మాత్రం మజ్జిగ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అంజలి పోతే ముఠా నిలవదు. అది ఆమెకు తెలుసు. వయసులో ఉన్న ఆడపిల్లలంతా అంజలి వెనకే పోతారు. మిగిలేది మోకాళ్ళు పట్టేసిన తన ఈడువాళ్ళు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కరిని చేర్చుకుంటూ కట్టిన ముఠా ఒక్క సోమవారంతో చెదిరిపోతుంది. కానీ ఆ క్షణాన ఆమెను కుట్టింది అది కాదు. "వారం వారం చెప్పింది" అన్న మాట. జీవరత్నం తనకు ఏమీ చెప్పలేదు. ఎవరు అడిగినా ఒట్టు పెట్టి మరీ ఆ మాట అనగలదు.

ఎలీషబ, జీవరత్నం ఒకే వేసవిలో ఈ పల్లెకు కోడళ్ళుగా వచ్చారు. తర్లుపాడుకు కూతవేటు దూరంలో ఉంటుంది పల్లె. వరసకు ఒకరినొకరు వదినా అనుకునేవారు. ఇద్దరూ కలిసే మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పనికి పోయేవారు. పలకలు తుడిచి, చట్రం బిగించి, కట్టలు కట్టే పని. జీవరత్నం మాట పొదుపరి. ఏదైనా సగం అని ఊరుకునే మనిషి. ఒకసారి ఇద్దరినీ రాయి కోసే మిషను పక్కన కూర్చోబెట్టారు. దుమ్ముకు జీవరత్నానికి దగ్గు పట్టింది. "ఈ పక్క గాలి బాగలేదు వదినా" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఎలీషబ లేచి సూపర్‌వైజరు దగ్గరికి పోయి, ఆయన విసుక్కుంటున్నా వదలక, ఇద్దరికీ కిటికీ పక్కన చోటు ఇప్పించుకుని గానీ రాలేదు. ఎవరి బాధైనా సరే ఆమె నోటితో చెబితే పని జరుగుతుందని అందరికీ పేరు పడింది.

ఆ పేరే ఆమెను మేస్త్రిని చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆడవాళ్ళు కూలికి మళ్ళారు. ఒక మగ మేస్త్రి కింద కొన్నాళ్ళు పోయి, అతని నోటిదురుసు భరించలేక, మాకు నువ్వే మేస్త్రిగా ఉండక్కా అని ఎలీషబనే పట్టుకున్నారు. కంది కోతకు, పత్తి తీతకు, మిరప కోతకు ఆమె మాట మీదే ముఠా కదిలేది. ప్రభుదాసు ఆటో మాట్లాడుకున్నారు. అతను ఎలీషబ చెల్లెలి కొడుకు. మార్కాపురంలో డిగ్రీ సగంలో ఎగ్గొట్టి ఆటో కొన్నాడు. మొహమాటం లేని నోరు.

మొదట్లో ఒక ఏడు చేనిలో తాగునీళ్ళు సరిగా పెట్టలేదని ఇద్దరు ఆడవాళ్ళు రైతుతో గొడవపడ్డారు. రైతుకు కోపమొచ్చి ముఠానంతా ఎండలో వెనక్కి పంపేశాడు. ఆ సాయంత్రం ఎలీషబ అందరినీ ఏసు గుడి అరుగు మీద కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేసింది. "చేను కాడ సణుగుడు వద్దు. ఎవురికి ఏ బాధ ఉన్నా శుక్రవారం ప్రార్థనలో పెట్టండి."

మంచి మనసుతోనే అంది. శుక్రవారం సాయంత్రాలు గుడిలో స్త్రీల సమాజం కూడుకుంటుంది. దాన్ని నడిపేది కూడా ఎలీషబే. ఒక్కొక్కరు లేచి మైకులో తమ మనవి చెబుతారు. పిల్లల చదువు, మొగుడి తాగుడు, ఒంటి నొప్పి, ఏదైనా సరే. అన్నీ విని ఎలీషబ ప్రార్థన చేస్తుంది. ఆమె ప్రార్థన చేస్తుంటే రాతి మనిషికైనా కళ్ళు చెమర్చాల్సిందే. ఆ కట్టుబాటు తర్వాత చేలల్లో రచ్చ ఆగిపోయింది. ఎలీషబ ముఠా అంటే నోరు లేని ముఠా అని రైతులు మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆమెకు తీపిగా ఉండేది. నోరు లేకపోవడం మెచ్చుకోవాల్సిన సంగతేనా అని ఆమెకు తట్టలేదు.

ఈ ఏడు జనవరిలో, మిరప రైతు మధుసూదన్ కూలి మాట్లాడుతూ మధ్యలో ఒక మాటన్నాడు. "మీవాళ్ళు పొద్దెక్కి వస్తావుండారమ్మా. కొంచెం ముందు రాండి." ఎలీషబ సరేనంది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నమిలింది. తన ముఠా మీద మాట పడిందే అన్న ఉక్రోషం తప్ప, ఎందుకు ఆలస్యమవుతోంది అన్న ప్రశ్న ఆమెకు రాలేదు. జవాబు ముందే దొరికింది గదా. బద్ధకం. అర్ధరాత్రి దాకా ఫోన్లు చూడటం, పొద్దున ముసుగు తన్ని పడుకోవడం.

వెంటనే నిర్ణయం కూడా జరిగిపోయింది. తెల్లవారుజామున గుడిలో రెండుసార్లు గంట కొడతారు. మొదటిది ఉదయ ప్రార్థనకు, రెండోది ప్రార్థన ముగిశాక. రెండో గంట మోగగానే ఆటో కదలాలి, లేనివాళ్ళకు ఆ రోజు పని లేదు అని చెప్పేసింది. ఎవరూ ఏమీ అనలేదు. చేను కాడ అనకూడదు గదా. శుక్రవారం దాకా ఆగారు.

ఎలీషబకు తెలియని సంగతి ఒకటుంది. అంతకుముందు సాయంత్రాలు వచ్చే నీళ్ళ ట్యాంకరు కొత్త సంవత్సరం నుంచి తెల్లవారుజామున రావడం మొదలైంది. బడి దగ్గర ఆగుతుంది. అప్పుడు పట్టుకోకపోతే ఆ రోజుకు ఇంట్లో తాగడానికి చుక్క ఉండదు. ట్యాంకరు మారిందని ఎలీషబ వినకపోలేదు. విన్నది గానీ, ఆ వరసలో నిలబడలేదు. వాళ్ళింట్లో నీళ్ళు తెచ్చేది ఆమె భర్త రాజరత్నం. మోపెడ్‌కు రెండు పక్కలా డబ్బాలు కట్టి, అందరికంటే ముందు పోయి తెచ్చేస్తాడు. ఆమె నిద్ర లేచేసరికి తొట్టి నిండి ఉంటుంది.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు ఆటోలో జీవరత్నం చోటు ఖాళీగా ఉంది. రెండో గంట మోగింది. ప్రభుదాసు బడి వైపు చూస్తూ, "జీవరత్నం పెద్దమ్మ నీళ్ళ కాడుంది, ఒక్క రవ్వ ఆగుదామా?" అని అడిగాడు. "నీళ్ళు ఈరోజు కొత్తగా తాగతావుండారా? పోనీ" అంది ఎలీషబ. అతను భుజాలెగరేసి స్టార్టు చేశాడు. ఆటో మలుపు తిరిగాక, అందరూ వింటుండగా ఆమె ఇంకో మాట కూడా అంది. "జీవరత్నం గూడా ఒళ్ళు దాచుకోను నేర్చింది."

ఆ వేళకు జీవరత్నం చంకన నీళ్ళ బిందెతో ఆటో కోసం పరుగెత్తుతోంది. ట్యాంకరు కారి బడి ముందంతా బురదగా ఉంది. కాలు జారి పడింది, కుడిచెయ్యి ఒంటి కింద పడి విరిగింది. మధ్యాహ్నం ఫోనొచ్చింది. మార్కాపురం తీసుకుపోయి కట్టు వేయించారు. ఎలీషబ ఆదివారం బత్తాయిలు పట్టుకుని వెళ్ళి, మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి వచ్చింది. కట్టు విప్పారు గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. అయ్యో పాపం అనుకుంది. కాలు జారితే ఎవరేం చేస్తారు?

కల్లంలో ఆ పోట్లాట విన్న సాయంత్రం ఎలీషబ ఇంటికి పోలేదు. జీవరత్నం ఇంటి ముందు ఆటో దిగింది. జీవరత్నం వసారాలో చేట ముందు పెట్టుకుని ఎడంచేత్తో కందులు ఏరుతోంది. రా వదినా అని పీట జరిపింది. ఎలీషబ కూర్చోకుండానే అడిగింది.

"నాకు వారం వారం చెప్పినావంట. ఎప్పుడు చెప్పినావు వదినా?"

జీవరత్నం కందులు ఏరడం ఆపలేదు. "నువ్వు చెప్పమన్న చోటనే చెప్పినా" అంది.

"ఏ చోట?"

"శుక్రవారం. నీళ్ళ వేళ గురించి ప్రార్థన చేయండి అని అడగలా? పొద్దున పరుగెత్తలేకుండా ఉండాను, కాళ్ళకి బలం కావాలని అడగలా? రెండో గంట వింటే గుండె దడదడమంటాదని అడగలా?"

అడిగింది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఎలీషబకు. మైకు పట్టుకోవడం రాక, రెండు చేతులతో పట్టుకుని, తల దించుకుని అడిగింది. ఈ బిడ్డ కాళ్ళకు బలమివ్వు తండ్రీ అని తాను కన్నీళ్ళతో వేడుకోవడం గుర్తొచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. మనసు తేలికై తాను ఇంటికి పోయి కమ్మగా అన్నం తినడం కూడా గుర్తొచ్చింది.

"బాగా చేసినావు ప్రార్థన. నాకు ఏడుపొచ్చింది" అంది జీవరత్నం. "సోమవారం మళ్ళా ఆటో గంటకే పోయింది."

ఎలీషబ పీట మీద కూర్చుంది. నాకు విడిగా వచ్చి ఒక్క మాట చెప్పాల్సింది అని గొణిగింది.

"సణగబాకండి, ఆడ పెట్టండి అన్నది నువ్వే గదా. పెట్టినా. విన్నది గదా, చూసుకుంటాదిలే అనుకున్నా." ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఫ్యాక్టరీలో గాలి బాగలేదంటే చాలు, తెలుసుకునేదానివి."

ఒళ్ళు దాచుకోను నేర్చిందని ఆటోలో తానన్న మాట కూడా ఆమె దాకా చేరిందని ఎలీషబకు అప్పుడు అర్థమైంది. జీవరత్నం ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాళ్ళు పట్టుకోవడానికి వీలుండేది. ఆమె కుడిచెయ్యి ముందుకు చాపి బొటనవేలు, చూపుడువేలు కలపడానికి ప్రయత్నించి చూపించింది. రెండిటి మధ్య కందిగింజ పట్టేంత సందు మిగిలిపోయింది.

"మిరపకాయ తొడిమ పట్టాలంటే ఇవి కలవాల. కలవడంలా."

మరునాడు ఎలీషబ చేనిలో మధుసూదన్‌ను పట్టుకుంది. మా పల్లెలో నీళ్ళు పొద్దున్నే వస్తున్నాయి, ఇకమీదట నీళ్ళు పట్టుకున్నాకే వస్తాం, మీకు కుదరకపోతే వేరే ముఠాను చూసుకోండి అని గట్టిగానే చెప్పింది. పోట్లాటకు సిద్ధపడే వచ్చింది. ఆయన మాత్రం తెల్లబోయి చూశాడు.

"అది కాయ ఎత్తను లారీ వచ్చిన వారం మాట గదమ్మా. ఆ ఒక్క వారానికే అన్నా. తర్వాత మీరు చీకట్నే దిగబడతావుంటే, మంచు తడి మీద కాయ కోస్తే బూజు పడతాదని నేనే మిమ్మల్ని గట్టు మీద కూచోబెట్టలా?"

కూర్చోబెట్టాడు. మంచు ఆరేదాకా గట్టు మీద కూర్చుని వాళ్ళు పాటలు పాడుకునేవారు. చలికి కొంగులు కప్పుకుని ఒకరికొకరు ఒరుసుకుని కూర్చునేవారు. తన ముఠా అందరికంటే ముందు వచ్చిందని ఎలీషబ గర్వంగా చూసుకునేది. ఆ గట్టు మీద కూర్చోవడానికే జీవరత్నం బిందెతో పరుగెత్తింది. ఆ తొందర రైతుకు అక్కర్లేదు, కాయకు అక్కర్లేదు. ఎలీషబ రోషానికి మాత్రమే కావాల్సి వచ్చింది. ఆ రోజంతా ఆమె కాయ కోస్తూ తన వేళ్ళనే చూసుకుంది. తొడిమ దగ్గర బొటనవేలు, చూపుడువేలు ఎంత సులువుగా కలుస్తున్నాయో చూసుకుంది.

శుక్రవారం సాయంత్రం గుడి నిండింది. జీవరత్నం రాలేదు. అంజలి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. మనవులకు ముందే ఎలీషబ లేచి నిలబడి చెప్పింది. ఇక రెండో గంట లేదు, ట్యాంకరు పోయాకే ఆటో కదులుతుంది, తప్పు నాది. ఆ రెండు మాటలు చెప్పడానికి రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకుంది. చెప్పాక ఎవరైనా ఏదైనా అంటారని చూసింది. తిడతారేమో అనుకుంది. తిడితే బాగుండుననుకుంది. వెనక వరసలో ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు. అంతే. తర్వాత మామూలుగా మనవులు మొదలయ్యాయి.

ముఠాలోని కేథరిన్ లేచి నడుము నొప్పి తగ్గాలంది. ఇంకొకామె కొడుకు పరీక్షల కోసం అడిగింది. ఏసురత్నం లేచి, ఎండలు ముదురుతున్నాయి, చేలల్లో పనిచేసే బిడ్డలకు వడదెబ్బ తగలకుండా ప్రార్థన చేయాలంది. ఎలీషబ ఆమె మొహంలోకి చూసింది. ఇది దేవుణ్ణి అడుగుతోందా, మధ్యాహ్నం కాసేపు నీడలో కూర్చోనివ్వమని తనను అడుగుతోందా? కేథరిన్ నడుము ఎందుకు నొస్తోంది? బరువు గోతాలు ఎత్తే పని వారం పొడుగునా ఆమెకే ఎందుకు పడింది? పడేసిందెవరు? ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్ని విన్నది, ఎన్నిటికి ఆమెన్ చెప్పి చేతులు దులుపుకుంది? తిరిగి వెదుకుదామంటే ఒక్కటీ పూర్తిగా జ్ఞాపకం లేదు. అన్నిటికీ ఒకే గొంతుతో ప్రార్థన చేసింది.

చివర అంజలి లేచింది. మైకు తీసుకోలేదు.

"మా అత్త చెయ్యి కోసం" అని కూర్చుంది.

ఎలీషబ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. తండ్రీ అన్నది. మళ్ళీ తండ్రీ అన్నది. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. మైకులో ఆమె ఊపిరి మాత్రమే వినిపిస్తుంటే, ఏసురత్నం లేచివచ్చి భుజం పట్టి కూర్చోబెట్టి, తానే ప్రార్థన ముగించింది.

బయటికొచ్చేటప్పుడు అంజలి గుమ్మం దగ్గర ఆగింది. "సోమవారం నిత్యానందం బండెక్కతావుండా అత్తా. కేథరినక్క గూడా వస్తాది. నీ మొహం మీద చెప్పి పోదామని ఆగినా." ఎలీషబ పోవద్దనలేదు. వద్దనడానికి తన దగ్గర ఉన్నదల్లా ఒక తీసేసిన గంట. అంజలి చెప్పులు తొడుక్కుని పోయింది.

గుడి గోడ పక్కన ప్రభుదాసు ఆటోలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పక్క పల్లెవాళ్ళను దింపడానికి ప్రతి శుక్రవారం అలాగే కాచుకుని ఉంటాడు. ఎలీషబ వచ్చి ముందు సీటు పక్కన నిలబడింది.

"ఏంది పెద్దమ్మా, ఈరోజు నీ ప్రార్థన సగంలోనే నిలిచిపోయింది?"

"లోపల మేం చెప్పుకునేవి నీకు వినపడతాయా?"

"మైకు పెట్టుకుంటిరి. కుక్కలకి గూడా వినపడతాయి."

"జీవరత్నం అడిగినవి వింటివా?"

"వింటి."

"అవి నాకని నీకు తెలుసా?"

అతను కాళ్ళు కిందికి దించాడు. "అందురికీ తెలుసు. నీకూ తెలుసు, తెలిసే కుదరదంటా ఉండావనుకున్నాం. ఆ పొద్దున ఆగుదామా అంటి, నువ్వు పోనీ అంటివి. ఇంక నేనేం చెప్పేది?"

వినలేదని కాదు, విని కాదన్నదని ఊరంతా అనుకుంది. జీవరత్నం కూడా అలాగే అనుకుని ఉంటుంది. అనుకునే చేట ముందు పెట్టుకుని, రా వదినా అని పీట జరిపింది. ఎలీషబ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. గుడిలో ఎవరో లైట్లు ఆర్పుతున్నారు. పక్క పల్లె ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెనక ఎక్కుతున్నారు. ఆమెను చూసి మాటలు తగ్గించుకుని జరిగి కూర్చుంటున్నారు.

"నాకొక పని చేసిపెట్టు నాయనా" అంది. "ప్రార్థన మొదలుపెట్టినానంటే నాకు ఇంకేమీ వినపడదు. వచ్చే శుక్రవారం నుంచి ఈడ ఆటోలో కూచోబాక. లోపలికొచ్చి గడప కాడ కూచో. వాళ్ళు అడిగేదాంట్లో నన్ను అడిగేది ఏదన్నా ఉంటే, నేను ఆమెన్ అనకముందే లేచి నన్ను ఆపు."